లాగేటప్పుడు స్టీలు ఎక్కడ సాగుతోంది: కెమెరాతో స్ట్రెయిన్ కొలిచే ప్రాజెక్టు డైరీ

జూన్ చివర్లో

మా మెటీరియల్స్ ల్యాబ్‌లో 400 కిలోన్యూటన్ల హైడ్రాలిక్ యూటీఎం (లోహపు ముక్కను లాగి బలం పరీక్షించే యంత్రం) ఉంది. లోడ్ వరకు దాన్ని నమ్మొచ్చు. ఇబ్బందంతా సాగుడు కొలవడం దగ్గరే. క్రాస్‌హెడ్ (యంత్రంలో కదిలే అడ్డదూలం) కదలిక అంటూ ప్యానెల్ చూపించే అంకెలో స్పెసిమన్, అంటే మనం లాగే ముక్క, సాగింది కొంచెమే. ముక్కను పట్టే గ్రిప్పుల్లో జారింది, వాటిలోని చీలల్లాంటి వెడ్జ్‌లు సర్దుకున్నది, యంత్రం ఫ్రేము తాను సాగింది, అన్నీ అందులోనే కలిసి ఉంటాయి. ఆ అంకె పట్టుకుని మైల్డ్ స్టీలు యంగ్స్ మాడ్యులస్ (సాగకుండా ఎంత బిగువుగా నిలుస్తుందో చెప్పే అంకె) లెక్కేస్తే 200 గిగాపాస్కల్ రావాల్సిన చోట 20, 30 దగ్గర తేలుతుంది. క్లిప్ ఎక్స్‌టెన్సోమీటర్ బిగిస్తే మాడ్యులస్ సరిగ్గానే వస్తుంది. కానీ దాని రెండు కత్తి అంచుల మధ్య ఉన్న 50 మిల్లీమీటర్లకూ కలిపి ఒకే సగటు ఇస్తుంది. పైగా ముక్క తెగే లోపు దాన్ని ఊడదీయాలి.

ఎంటెక్ ప్రాజెక్టుకు నేను తీసుకున్న పని ఇది: స్పెసిమన్‌ను ముట్టుకోకుండా, వరుసగా ఫొటోలు తీసి, దాని మీద ఏ చోట ఎంత స్ట్రెయిన్ (అసలు పొడవులో ఎన్నో వంతు సాగిందన్న లెక్క) ఉందో పటం గీయడం. పద్ధతి పేరు డిజిటల్ ఇమేజ్ కోరిలేషన్, వాడేవాళ్ళు డీఐసీ అంటారు. 1980ల మొదట్లో అమెరికాలోని సౌత్ కరోలినా విశ్వవిద్యాలయంలో పీటర్స్, రాన్సన్, సటన్ వంటివాళ్ళు దీనికి పునాది వేశారు. ముక్కకు తెల్లరంగు వేసి, మీద నల్లచుక్కలు చల్లాలి. లాగకముందు ఒక ఫొటో, లాగుతూ వరుసగా మిగతావి. మొదటి ఫొటోలో ఒక చిన్న గడి తీసుకుని, అందులోని చుక్కల అమరిక తర్వాతి ఫొటోలో ఎక్కడికి జరిగిందో, ఎలా సాగిందో కంప్యూటరు వెతుకుతుంది. ఆ గడికి సబ్‌సెట్ అని పేరు. ఇలాంటి వేల గడుల కదలిక తెలిశాక, పక్కపక్క గడుల కదలికల్లో తేడాను వాటి మధ్య దూరంతో భాగిస్తే వచ్చేదే స్ట్రెయిన్.

రెడీమేడ్ సిస్టమ్‌లు లక్షల్లో ఉంటాయి. మేం రాస్‌ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు బోర్డు, దాని హెచ్‌క్యూ కెమెరాతో మొదలుపెడుతున్నాం. లెక్కలకు జార్జియా టెక్‌లో తయారైన ఎన్‌కార్ అనే ఉచిత ప్రోగ్రాం. అది మాట్‌ల్యాబ్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది, మాట్‌ల్యాబ్ కాలేజీలో ఉంది.

జూలై మొదట్లో: లెన్సు లెక్క

హెచ్‌క్యూ కెమెరాలో సోనీ ఐఎంఎక్స్ 477 సెన్సర్ ఉంటుంది. 4056 × 3040 పిక్సెళ్ళు, ఒక్కో పిక్సెల్ 1.55 మైక్రాన్లు. స్పెసిమన్ 3 మిల్లీమీటర్ల మందం ఉన్న హాట్ రోల్డ్ మైల్డ్ స్టీలు పట్టీ. నడుము వెడల్పు 12.5 మిల్లీమీటర్లు, గేజ్ లెంగ్త్ (సాగుడు కొలిచే మేర) 50. సెన్సర్ పొడుగు వైపును స్పెసిమన్ పొడుగుకు పెట్టి 80 మిల్లీమీటర్ల మేర ఫ్రేములోకి తీసుకుంటే, పిక్సెల్‌కు దాదాపు 0.02 మిల్లీమీటర్లు వస్తుంది.

ఆ 80 మిల్లీమీటర్లను 16 మిల్లీమీటర్ల లెన్సుతో పట్టాలంటే కెమెరా 22 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. 50 మిల్లీమీటర్ల లెన్సుతో అయితే 69 సెంటీమీటర్లు. చవగ్గా దొరికేది, సర్దుకోవడానికి తేలికైనదీ మొదటిదే. కానీ ఒక్క కెమెరాతో చేసే డీఐసీకి పెద్ద శత్రువు స్పెసిమన్ ముందుకో వెనక్కో కదలడం. దగ్గరికొచ్చిన వస్తువు ఫొటోలో పెద్దదవుతుంది, ప్రోగ్రాం దాన్ని సాగుడు అనుకుంటుంది. ఆ అబద్ధపు స్ట్రెయిన్ ఎంతంటే, కదిలిన దూరాన్ని కెమెరా దూరంతో భాగించినంత. 0.1 మిల్లీమీటర్ కదిలితే 22 సెంటీమీటర్ల దగ్గర 450 మైక్రోస్ట్రెయిన్ (ఒక మైక్రోస్ట్రెయిన్ అంటే పొడవులో పది లక్షల్లో ఒక వంతు సాగుడు) దాటుతుంది, 69 దగ్గర 146 మాత్రమే. మైల్డ్ స్టీలు ఈల్డ్ అయ్యేదే, అంటే తిరిగి రాకుండా సాగడం మొదలయ్యేదే, 1250 మైక్రోస్ట్రెయిన్ ప్రాంతంలో. అందులో మూడో వంతు పైగా అబద్ధం వస్తే ఇక కొలిచి ఏం లాభం? 50 మిల్లీమీటర్ల సీ మౌంట్ లెన్సుకే ఆర్డర్ పెట్టాం. ఈ పని మొదలుపెట్టే ఎవరికైనా నేను మొదట చెప్పేది ఇదే: కెమెరా మెగాపిక్సెళ్ళ కంటే ముందు దూరం లెక్క వేసుకోండి.

జూలై: రంగు

ఈ ప్రాజెక్టులో ఎక్కువ సమయం తిన్నది సాఫ్ట్‌వేర్ కాదు, స్ప్రే డబ్బా.

చుక్క మరీ చిన్నదైతే కెమెరా దాన్ని పట్టుకోలేదు. మరీ పెద్దదైతే ఒక గడిలో ఒకటో రెండో చుక్కలే ఉండి, ఆ గడిని పక్కవాటి నుంచి వేరుచేసే గుర్తులు ఉండవు. చుక్కకు 3 నుంచి 5 పిక్సెళ్ళు, గడికి కనీసం 3 చుక్కలు అన్నది సాధారణంగా పాటించే లెక్క. మాది కలర్ సెన్సర్. ఒక్కో పిక్సెల్ మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లలో ఏదో ఒకటే ఉంటుంది, మిగతా రెండు రంగులూ ఇరుగుపొరుగు పిక్సెళ్ళ నుంచి లెక్కకట్టినవే. అందుకని మేం 5, 6 పిక్సెళ్ళకు వెళ్ళాం. అంటే చుక్క 0.1 నుంచి 0.12 మిల్లీమీటర్లు ఉండాలి.

స్పెసిమన్ మీదకే గురిపెట్టి కొడితే అంత సన్నని చుక్క రాదు, ముద్దలు పడతాయి. మాకు కుదిరిన తీరు ఇదీ. ముక్కను ఎమెరీ కాగితంతో రుద్ది, అసిటోన్‌తో తుడిచి, మ్యాట్ తెల్లరంగు రెండు పల్చని పూతలు. మెరిసే రంగు వద్దు, లైటు తిరిగొట్టి ఆ చోట ఫొటో తెల్లబోతుంది. తర్వాత ముక్కను బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, నల్ల మ్యాట్ డబ్బాను పక్క నుంచి, ముక్కకు అడుగున్నర పైన, నేలకు సమాంతరంగా గాల్లోకి కొట్టాలి. బరువైన బొట్లు ముందే అవతల పడిపోతాయి, సన్నని తుంపర మాత్రం నెమ్మదిగా కిందకి దిగుతుంది. తెలుపు, నలుపు సగం సగం వచ్చేవరకు ఆగి ఆగి కొట్టాలి. మా జూనియర్‌కి ఈ చేయి బాగా కుదిరింది. "అన్నా, ముక్క పక్కన తెల్ల కాగితం పెట్టి దాన్ని చూస్తూ కొడితే ఎక్కడ ఆపాలో తెలుస్తుంది" అని కిటుకు చెప్పాడు. ఇప్పుడు ఆ కాగితాన్నే స్కాన్ చేసి చుక్కల సైజు చూసుకుంటున్నాం. ముక్కను యంత్రంలో బిగించకముందే రంగు పనికొస్తుందో లేదో తేలిపోతోంది.

ఇంకో సంగతి. రంగు వేసిన రోజే లాగాలి. రోజులు గడిచే కొద్దీ పూత గట్టిపడి, స్టీలు బాగా సాగిన చోట పెళుసుగా చిట్లుతుంది. పూత పగిలితే కెమెరా కొలిచేది రంగునే, స్టీలును కాదు.

ఆగస్టు: కదలని ముక్క మీద కొలత

లాగడానికి ముందు, ఏ లోడూ లేని ముక్కకు ఫొటోలు తీసి వాటి మీద లెక్క నడపాలి. జవాబు అంతటా సున్నా రావాలి. సున్నాకు అటూ ఇటూ ఎంత ఊగుతుందో అదే మన కొలత హద్దు. దీన్ని దాటవేసి రంగురంగుల పటాలు చూపించే రిపోర్టులంటే నాకు నమ్మకం లేదు. ఆ రంగుల్లో ఎంత స్టీలో, ఎంత గాలో ఎలా తెలుస్తుంది?

గాలి అన్నది మాటవరసకు అనలేదు. హాలోజన్ దీపాలు పెట్టి చూస్తే పటంలో అలలు కదిలాయి. దీపం వేడికి లేచిన గాలి కెమెరాకూ ముక్కకూ మధ్య లెన్సులా పనిచేస్తోంది. ఎల్‌ఈడీ ప్యానెళ్ళు రెండు వైపులా ఏటవాలుగా పెట్టాక అలలు పోయాయి. సీలింగ్ ఫ్యాన్ కట్టేయాలి, ఆగస్టు ఉక్కపోతలో అది అందరికీ కష్టమే. కెమెరా సెన్సర్ ఆన్ చేసిన కొత్తలో వేడెక్కుతూ ఉంటుంది, ఆ వేడికి బొమ్మ మెల్లగా జరుగుతుంది. గంట ముందే ఆన్ చేసి ఉంచితే కుదుటపడుతోంది. ఆటో ఎక్స్‌పోజర్, ఆటో వైట్ బ్యాలెన్స్ రెండూ ఆపేశాం. ఫొటోలు జేపీఈజీలో దాచడం లేదు. ఆ కంప్రెషన్ 8 × 8 పిక్సెళ్ళ దిమ్మలుగా సాగుతుంది, మనం వెతికేదేమో పిక్సెల్‌లో నూరో వంతు కదలిక.

హైడ్రాలిక్ పంపు నడుస్తుంటే నేల సన్నగా అదురుతుంది. ట్రైపాడ్ కాళ్ళకు ఇసుక సంచులు కట్టి, లైటు పెంచి, ఎక్స్‌పోజర్ 5 మిల్లీసెకన్లకు తగ్గించాం. ఇప్పుడు పంపు ఆన్‌లో ఉన్నా, ఆఫ్‌లో ఉన్నా ఊగుడు ఒకేలా ఉంది: ఒక్కో బిందువు దగ్గర 100 మైక్రోస్ట్రెయిన్ అటూ ఇటూగా. సబ్‌సెట్ 41 పిక్సెళ్ళు, అడుగు (పక్కపక్క గడుల మధ్యబిందువుల దూరం) 10 పిక్సెళ్ళు, స్ట్రెయిన్ లెక్కకు 15 బిందువుల కిటికీ (వరుసగా అన్ని బిందువులను కలిపి చూడడం) పెడితే వచ్చిన సంగతి ఇది. ఆ మూడూ కలిస్తే ఒక్కో స్ట్రెయిన్ విలువ వెనక 181 పిక్సెళ్ళు, అంటే 3.6 మిల్లీమీటర్ల మేర స్టీలు ఉన్నట్టు. ఈ అంకె ముందు ముందు చాలా ముఖ్యమవుతుంది.

లోడ్ కలపడం త్వరగానే తెమిలింది. యూటీఎం ప్యానెల్ వెనక సీరియల్ పోర్టు ఉంది. రాస్‌ప్‌బెర్రీ పై అందులోంచి లోడ్ చదివి, అదే క్షణంలో తీసిన ఫొటో ఫైలు పేరులోనే ఆ అంకె రాసేస్తుంది. సెకనుకు ఒక ఫొటో. విడిగా టైము కలుపుకునే బెడద లేదు. మా ముక్కకు 15 కిలోన్యూటన్లు చాలు కాబట్టి యంత్రాన్ని 40 కిలోన్యూటన్ల రేంజ్‌లో పెట్టాం.

సెప్టెంబరు: ఎలాస్టిక్ భాగం, 3 పిక్సెళ్ళ కథ

లాగడం మొదలైంది. మొదట ఎలాస్టిక్ భాగం (లోడ్ తీస్తే ముక్క మళ్ళీ మొదటి పొడవుకు వచ్చే దశ) మాత్రమే, ఈల్డ్ దాకా పోకుండా వెనక్కి.

50 మిల్లీమీటర్ల గేజ్ అంటే ఫొటోలో సుమారు 2500 పిక్సెళ్ళు. ఈల్డ్ దగ్గర స్ట్రెయిన్ 0.00125. రెండూ గుణిస్తే 3 పిక్సెళ్ళు పైచిలుకు. స్టీలు ఎలాస్టిక్ జీవితం మొత్తం, సున్నా నుంచి 250 మెగాపాస్కల్ దాకా, ఆ 3 పిక్సెళ్ళలోనే అయిపోతుంది. మొదటి ఫొటో, చివరి ఫొటో పక్కపక్కన పెట్టి ఎంత చూసినా కంటికి తేడా దొరకదు. ప్రోగ్రాం మాత్రం పిక్సెళ్ళ మధ్య వెలుగును వంపులుగా ఊహించి, పిక్సెల్‌లో నూరో వంతు దాకా వెతికి పట్టుకుంటుంది. ఒక్కో బిందువు 100 మైక్రోస్ట్రెయిన్ ఊగుతున్నా, గేజ్ అంతటా ఉన్న వేల బిందువుల సగటు తీసుకుంటే ఊగుడు బాగా అణిగిపోతుంది. లోడ్‌కు ఎదురుగా ఆ సగటు గీస్తే సరళరేఖ వచ్చింది. వాలు 200 గిగాపాస్కల్ చుట్టుపక్కలే ఉంది. అదే యంత్రం, అవే గ్రిప్పులు, అదే జారుడు. కెమెరాకు మాత్రం గ్రిప్పుల్లో ఏం జరిగినా సంబంధం లేదు.

అయితే మాడ్యులస్ సరిగ్గా వచ్చిందని ఊరుకోలేదు. ముందువెనక కదలిక ఉందో లేదో తెలుసుకోవడానికి పాయిజాన్ నిష్పత్తి (నిలువుగా సాగినదానిలో ఎన్నో వంతు అడ్డంగా కుదించుకుందన్న లెక్క) మంచి సాక్షి. ముక్క కెమెరా వైపు జరిగితే వచ్చే అబద్ధపు స్ట్రెయిన్ నిలువుకూ అడ్డానికీ సమానంగా కలుస్తుంది. నిజంగా నిలువు 1000, అడ్డం మైనస్ 290 అనుకోండి, నిష్పత్తి 0.29. ముక్క 0.1 మిల్లీమీటర్ ముందుకొస్తే రెండింటికీ 146 కలిసి 1146, మైనస్ 144 అవుతాయి. నిష్పత్తి 0.13కి పడిపోతుంది. మాడ్యులస్‌లో ఆ తప్పు 13 శాతమే, పాయిజాన్‌లో మాత్రం సగానికి పైగా. కాబట్టి ప్రతి లాగుడుకూ ముందు పాయిజాన్ చూస్తున్నాం. 0.28, 0.30 మధ్య లేకపోతే ఆ డేటా పక్కకే.

ముక్క వెనక డయల్ గేజ్ ఆనించి చూస్తే, కదలికలో ఎక్కువ భాగం మొదట్లోనే, వెడ్జ్‌లు పట్టు బిగించే దశలో జరుగుతోందని తేలింది. అందుకని ముందు 1 కిలోన్యూటన్ లోడ్ ఇచ్చి, ఆ స్థితిలో తీసిన ఫొటోనే మొదటి ఫొటోగా తీసుకుంటున్నాం.

అక్టోబరు: ఈల్డ్ దగ్గర

ఈ ప్రాజెక్టు ఎందుకు చేస్తున్నావని ఎవరైనా అడిగితే ఈ నెల తీసిన ఫొటోలు చూపిస్తాను.

మైల్డ్ స్టీలు గ్రాఫు బీటెక్‌లో అందరం గీసిందే. నిటారుగా ఎక్కుతుంది, అప్పర్ ఈల్డ్ దగ్గర చిన్న ముక్కు, కాస్త దిగి లోయర్ ఈల్డ్, అక్కడ కొంత దూరం చదునుగా నడిచి మళ్ళీ ఎక్కుతుంది. ఆ చదును భాగంలో స్టీలంతా ఒకే రకంగా, 0.2 శాతం, 0.5 శాతం, 1 శాతం అంటూ మెల్లగా సాగుతోందని గ్రాఫు చూస్తే అనిపిస్తుంది. అక్కడ అలాంటిదేమీ జరగడం లేదు.

క్రాస్‌హెడ్‌ను నిమిషానికి 1 మిల్లీమీటర్ వేగంతో నడిపాం. లోడ్ పైకెక్కి ముక్కు దగ్గర తూలిన క్షణంలోనే, పై గ్రిప్పు వైపు నడుము సన్నబడే మూల దగ్గర పటంలో ఒక ఏటవాలు పట్టీ పుట్టింది. పట్టీ లోపల స్ట్రెయిన్ 2 శాతం దాకా ఉంది. పట్టీకి కింద ఉన్న స్టీలంతా ఇంకా ఎలాస్టిక్‌గానే ఉంది. మధ్యలో 0.5 శాతం, 1 శాతం స్ట్రెయిన్‌లో నిలిచిన చోటంటూ లేదు. తర్వాతి ఫొటోలో ఆ పట్టీ అంచు కాస్త కిందకి జరిగింది. ఆ తర్వాతి దాంట్లో ఇంకాస్త. లోడ్ అలాగే చదునుగా ఉంది. అంచు కింది మూల దాకా చేరి గేజ్ మొత్తం నిండాకే గ్రాఫు మళ్ళీ పైకి లేచింది. గ్రాఫులో చదునుగా కనిపించేదంతా ఈ అంచు చేసే ప్రయాణమే. అంచుకు ఇటు ఉన్న స్టీలు ఈల్డ్ అయిపోయింది, అటు ఉన్నది ఇంకా కాలేదు. 0.5 శాతం, 1 శాతం అన్నవి ఈ రెండింటి సగటులే.

వీటిని ల్యూడర్స్ పట్టీలు అంటారు. ల్యూడర్స్ 1860లో వీటి గురించి రాశాడు, అంతకుముందే 1842లో పియోబెర్ గమనించాడు. కారణం స్టీలులోని కార్బన్, నైట్రోజన్ పరమాణువులు. అవి డిస్‌లొకేషన్ల (స్ఫటికాల అమరికలోని గీతల్లాంటి లోపాలు, ఇవి కదిలితేనే లోహం శాశ్వతంగా సాగుతుంది) చుట్టూ చేరి వాటిని కదలనివ్వవు అని 1949లో కాట్రెల్, బిల్బీ వివరించారు. ఆ పట్టు వదిలించడానికి ఎక్కువ బలం కావాలి, వదిలాక తక్కువ బలంతోనే కదులుతాయి. అందుకే ఒక చోట మొదలైన ఈల్డ్ అంచు పట్టుకుని పాకుతూ పోతుంది. కారు బాడీ షీట్లను ప్రెస్‌లో పెట్టే ముందు రోలర్ల మధ్య ఓ శాతం లోపు నలిపి పంపేది కూడా ఈ పట్టీల గీతలు బానెట్ మీద పడకుండా ఉండడానికే.

అంచు వేగం లెక్క కూడా ముచ్చటగా సరిపోయింది. క్రాస్‌హెడ్ వేగాన్ని పట్టీలోని స్ట్రెయిన్‌తో భాగిస్తే అంచు వేగం రావాలి. 1 మిల్లీమీటర్‌ను 0.02తో భాగిస్తే నిమిషానికి 50 మిల్లీమీటర్లు. అంటే ఫొటోకూ ఫొటోకూ మధ్య 0.8 మిల్లీమీటర్ పైన. పటాల్లో అంచు అడుగులు దాదాపు అంతే ఉన్నాయి.

ఇక్కడే ఆ 3.6 మిల్లీమీటర్ల కిటికీ అడ్డమొచ్చింది. ఆ సెట్టింగ్‌తో చూస్తే అంచు 4 మిల్లీమీటర్ల వాలులా, మెత్తగా కనిపిస్తుంది. అది స్టీలు స్వభావం కాదు, మన కిటికీ వెడల్పు. సబ్‌సెట్ 25, అడుగు 5, కిటికీ 5 బిందువులకు తగ్గించి అవే ఫొటోలను మళ్ళీ లెక్కిస్తే 45 పిక్సెళ్ళు, అంటే 0.9 మిల్లీమీటర్. అంచు పదునెక్కింది. ఊగుడు బాగా పెరిగింది గానీ, 20,000 మైక్రోస్ట్రెయిన్ దూకుడు ముందు అదో లెక్క కాదు. మాడ్యులస్‌కు పెద్ద కిటికీ, అంచుకు చిన్న కిటికీ. ఫొటోలు అవే అయినా, అడిగే ప్రశ్నను బట్టి సెట్టింగ్ మారాల్సిందే. అందుకే మా రిపోర్టులో ప్రతి పటం కింద ఈ మూడు అంకెలూ రాస్తున్నాం.

పటాలు చూసి మా టెక్నీషియన్ గారు చాలాసేపు స్క్రీన్ దగ్గరే నిలబడ్డారు. "ఇవి నాకు తెలుసు బాబూ. ఇదివరకు ముక్కకి సున్నం పూసి లాగేవాళ్ళం, ఈల్డ్ అయిన చోట సున్నం ఏటవాలుగా రాలేది" అన్నారు. మర్నాడు చుక్కలు వేసిన ముక్క వెనకవైపు సున్నం పూసి లాగి చూశాం. ముందువైపు పటంలో అంచు ఎక్కడుందో వెనకవైపు సున్నం సరిగ్గా అంతవరకే రాలింది. రిపోర్టులో ఆ రెండు ఫొటోలూ పక్కపక్కనే ఉంటాయి.

మా ల్యాబ్ పాత గ్రాఫుల్లో ఉన్న ఒక వింత కూడా ఈ పటాలతో తెలిసొచ్చింది. కొన్నింటిలో ఈల్డ్ తర్వాత క్రాస్‌హెడ్ నడుస్తున్నా ఎక్స్‌టెన్సోమీటర్ అంకె కొంతసేపు కదలకుండా ఉండి, తర్వాత ఒక్కసారి పరుగెత్తుతుంది. పట్టీ కత్తి అంచుల బయట పుట్టి, వాటి మధ్యకు రావడానికి పట్టిన సమయం అది. పరికరం బాగానే ఉంది, సాగుడు దాని పరిధిలోకి రాలేదంతే.

నవంబరు: మెడ పడ్డాక

గరిష్ఠ లోడ్ దాటాక ముక్క ఒక చోట సన్నబడుతుంది, దీన్నే మెడ పడడం అంటారు. సాగే కొద్దీ స్టీలు గట్టిపడే రేటు, అప్పటికి దాని మీదున్న నిజమైన స్ట్రెస్‌కు (ఆ క్షణంలోని అడ్డుకోత వైశాల్యంతో లోడ్‌ను భాగిస్తే వచ్చేది) సమానమయ్యే దగ్గర ఇది మొదలవుతుందని కాన్సిడెర్ 1885లోనే చెప్పాడు. అక్కడి నుంచి స్ట్రెయిన్ మెడ దగ్గరే పోగవుతుంది, మిగతా గేజ్ ఆగిపోతుంది. తెగాక రెండు ముక్కలు కలిపి కొలిచే ఎలాంగేషన్ శాతం కంటే మెడ మధ్యలో స్ట్రెయిన్ రెండింతలు దాటింది.

గేజ్ లెంగ్త్ మారితే ఎలాంగేషన్ ఎందుకు మారుతుందో ఇక్కడ కళ్ళ ముందు కనిపిస్తుంది. లాగుడు పరీక్షకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 1608 చెప్పే అనుపాత గేజ్, అడ్డుకోత వైశాల్యం వర్గమూలానికి 5.65 రెట్లు. మా ముక్కకు అది దాదాపు 35 మిల్లీమీటర్లు. మెడ సాగుడు ఎంత గేజ్ మీద పంచుకుంటుందన్నదే తేడా, అందుకే 35 మీద శాతం ఎక్కువ, 50 మీద తక్కువ. ఒకే టెస్టు ఫొటోల నుంచి రెండూ తీయొచ్చు. ముక్క తెగిపోయాక కూడా వేరే గేజ్ పెట్టి కొలవగలగడం ఈ పద్ధతి ఇచ్చే పెద్ద వరం.

ఎన్‌కార్ వాడేవాళ్ళకు ఒక మాట. అది ఇచ్చేది గ్రీన్ లగ్రాంజ్ స్ట్రెయిన్, ఇంజనీరింగ్ స్ట్రెయిన్ కాదు. ఎలాస్టిక్ భాగంలో తేడా తెలియదు. 20 శాతం దగ్గర మాత్రం అది 22 చూపిస్తుంది. రెట్టింపు చేసి, 1 కలిపి, వర్గమూలం తీసి, 1 తీసేస్తే మామూలు స్ట్రెయిన్ వస్తుంది. మెడ దగ్గర చుక్కలు మరీ సాగిపోయి మొదటి ఫొటోతో పోలిక దొరకదు. అప్పుడు మధ్యలో ఒక ఫొటోను కొత్త మొదటి ఫొటోగా పెట్టుకుని కొనసాగాలి. మెడ పల్చబడి ఉపరితలం వెనక్కి తగ్గుతుంది కదా అని అనుమానం రావచ్చు. మందంలో 30 శాతం పోయినా ఒక్కో వైపు 0.45 మిల్లీమీటరే. 69 సెంటీమీటర్ల దూరానికి అది 660 మైక్రోస్ట్రెయిన్, మెడలోని లక్షల మైక్రోస్ట్రెయిన్ ముందు చిన్న విషయమే.

డిసెంబరు: తర్వాతి పని

5052 అల్యూమినియం ముక్కలు వైర్‌కట్‌కు (కరెంటు తీగతో కోయించడానికి) ఇచ్చాం. మెగ్నీషియం కలిసిన ఈ రకం అల్యూమినియంలో గ్రాఫు రంపపు పళ్ళలా నడుస్తుంది. 1923లో పోర్టెవిన్, ల షాటెలియే దీని గురించి రాశారు. ఇందులో పుట్టే సాగుడు పట్టీలు ల్యూడర్స్ పట్టీల్లా ఒక్కసారి నడిచి ఊరుకోవు, ఒక చోట పుట్టి మాయమై మరో చోట దూకుతాయి. సెకనుకు ఒక ఫొటోతో అవి దొరకవు. హెచ్‌క్యూ కెమెరాను 2028 × 1080 మోడ్‌లో పెడితే సెకనుకు 50 దాకా వస్తాయి. ముక్క పొడుగ్గా, సన్నగా ఉంటుంది కాబట్టి ఎత్తు తగ్గినా ఇబ్బంది లేదు. కానీ పిక్సెల్ 0.04 మిల్లీమీటర్ అవుతుంది, చుక్క 0.2 మిల్లీమీటర్లకు పెరగాలి. డబ్బాను ఇంకాస్త కిందకి దించి కొడుతూ జూనియర్ ఇప్పటికే కాగితాల మీద ట్రయల్స్ మొదలుపెట్టాడు. స్కాన్‌లో చుక్కలు 0.15 దగ్గర ఉన్నాయి. సంక్రాంతి సెలవుల్లోపు సైజు కుదిరితే, తిరిగి రాగానే లాగుతాం.